వదిన వేగం

"సార్‌కి ఏ రంగు ఇష్టమండీ?" అని వాచీల షాపతను నన్ను అడిగాడు.

సార్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నాకంటే జానెడు పొడుగు, పాము చెవులు, ఎదుటివాడి గాలి తీసేసే నోరు. లేనిదల్లా చూపు ఒక్కటే. చూపు లేనివాడికి ఇష్టాయిష్టాలు కూడా ఉండవనుకునే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఆయన్నే అడగండి. వాచీ ఆయనకి. నేను తోడొచ్చాను, అంతే," అన్నాను.

మా మరిది నవ్వాడు. "రంగు మా వదినకి నచ్చింది ఇవ్వండి. రోజూ దాన్ని చూడాల్సింది ఆవిడే కదా."

షాపతను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అరడజను పెట్టెలు ఒక్కసారిగా తెచ్చి అద్దాల బల్ల మీద పరిచాడు. మొదటిది పచ్చడి సీసా మూతంత ఉంది. మా మరిది దాన్ని అరచేతిలో పెట్టి రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడు. "బాగుందండీ, దొంగ ఎదురైతే విసిరి కొట్టొచ్చు," అని తిరిగి ఇచ్చేశాడు. రెండోదానికి బటన్లే లేవు, అంతా నున్నటి తెర. చెమట చేత్తో దాన్ని రుద్దితే ఏం తెరుచుకుంటుందో చూపున్న నాకే తెలియదు, ఇక వాడికేం తెలుస్తుంది? అదీ పక్కకి పోయింది.

బరువు సంగతిలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. నేను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. మైనంలో ఒక్కో పన్నూ పేర్చి, అచ్చు తీసి, అరగదీసి, మెరుగుపెట్టి డాక్టర్లకు పంపడం నా పని. బరువైన సెట్టు ఎంత అందంగా ఉన్నా, దాని యజమాని నాలుగు రోజులు ఓర్చుకుని తర్వాత దాన్ని గ్లాసులో పడేసి బోసినోటితోనే తిరుగుతాడు. ఒంటికి తగిలించుకునేది ఏదైనా సరే, ఉన్నట్టు తెలియకూడదు. ఈ ముక్కే షాపతనితో చెప్పాను. అతను నా నోటివంక అనుమానంగా చూశాడు. "ఇవి నా సొంతవేనండీ," అన్నాను.

అయిదోది గుడ్డ పట్టీది. పక్కన గట్టి బటన్లు, తడిమితే ఏది ఏదో తెలిసేలా ఉన్నాయి. మా మరిది దాన్ని కట్టుకుని, షాపు మధ్యలో నిలబడినచోటే పరుగు తీశాడు. అద్దాల బల్లలో గడియారాలన్నీ గలగలమన్నాయి. షాపతను రెండు చేతులూ బల్లమీద ఆనించి, వాచీ గుణగణాలు గడగడా చదివేశాడు. శాటిలైట్‌ని పట్టుకుంటుంది, ఎంత దూరం పరిగెత్తారో ఎంత వేగంతో పరిగెత్తారో ఫోన్‌లోంచి పైకి చదివి చెబుతుంది, ఫోన్‌కి మెసేజ్ వస్తే చేతిమీద గుర్రుమంటుంది, ఇంకా అలర్టులు బోలెడు ఉన్నాయి అన్నాడు. నేను మెసేజ్ దగ్గరే వినడం ఆపేశాను. ఆ తర్వాత నెత్తిమీదకి వచ్చిన చిక్కంతా అక్కడే మొదలైంది.

"వదినా, నా చేతికి ఏమైనా ఉందా?" అన్నాడు మా మరిది పరుగు ఆపి.

"ఉంది. నీలం రంగు."

"నాకైతే తెలీడం లేదు. ఇదే తీసుకుందాం."

మా మరిదికి చిన్నప్పుడు, ఇంకా బడికి కూడా వెళ్ళని వయసులో జ్వరమొచ్చి చూపు పోయింది. ఇప్పుడు లాయర్ల ఆఫీసులో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వాళ్ళు రికార్డు చేసి ఇచ్చిన మాటలన్నీ టైపు చేస్తాడు. రోజంతా కూర్చుని చేసే పని. నడుం పట్టేస్తోందని డాక్టరు దగ్గరికి వెళితే, పరిగెత్తమన్నాడు. ఇంట్లో వాడితో పరిగెత్తడానికి ఎవరున్నారు? మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేసి తెల్లారి ఒళ్ళెరగకుండా నిద్రపోతాడు. మా అత్తగారికి మెట్లు దిగడమే ఒక యాత్ర. మిగిలింది నేను.

ఇద్దరి మణికట్లకూ మధ్య ఒక మెత్తటి తాడు. నా కుడిచెయ్యి, వాడి ఎడంచెయ్యి. మొదటిరోజు పార్కులో మలుపు వచ్చేసరికి "ఇటు, ఇటు!" అని అరిచాను. వాడు తిన్నగా పొదలోకి వెళ్ళిపోయాడు. ముళ్ళు ఏరుతుంటే, "వదినా, 'ఇటు' అంటే ఎటు?" అని శాంతంగా అడిగాడు. పుట్టినప్పటినుంచీ అంటున్న మాట, దానికి కళ్ళు కావాలని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ పూట నుంచి కుడి, ఎడమ అనడం నేర్చుకున్నాను. ఎత్తు వస్తే "గడప". దారి ఇరుకైతే "సందు". మిగతా సమయమంతా నా నోటికి హద్దు లేదు. దారిలో కనబడిన మనుషుల జుట్లు, చెప్పులు, ముందు నడుస్తున్న ఆవిడ మొగుణ్ణి తిట్టే తీరు, మా ల్యాబు మేనేజరు గురించి నా అభిప్రాయాలు, అన్నీ ఏకరువు పెట్టేదాన్ని. నిజం చెప్పాలంటే, రోజు మొత్తంలో ఎవరికీ ఏమీ వండిపెట్టక్కర్లేని, ఏ పన్నూ అరగదీయక్కర్లేని గంట అదొక్కటే. ఆ గంట కోసం నేను ముందురాత్రే బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకునేదాన్ని.

నడుంనొప్పి ఎప్పుడో పోయింది. పరుగు మాత్రం వాణ్ణి పట్టుకుంది. ఊళ్ళోని పరుగుల క్లబ్బువాళ్ళు చూపులేనివాళ్ళకు పోటీ పెడుతున్నారని విన్నాడు. పది కిలోమీటర్లు గంటలోపు పరిగెత్తితే క్లబ్బు జట్టులో చోటు ఇస్తారు, ఆ జట్టుని పెద్ద పోటీలకు తీసుకెళ్తారు. మా మరిది ఏదైనా కావాలని నోరు తెరిచి అడిగే రకం కాదు. కంచంలో ఏది పడితే అది తింటాడు, ఏ చొక్కా ఇస్తే అది వేసుకుంటాడు. అలాంటివాడు ఆ రోజు భోజనాల దగ్గర, "నాకు ఆ జట్టులో ఉండాలనుంది," అన్నాడు. మా అత్తగారు గరిటె గిన్నెలో వదిలేసి వాడి మొహం చూసింది. అందుకే ఆ వాచీ.

మొదట్లో వాచీతో వేగడం అంత తేలికేం కాలేదు. గుమ్మం దాటగానే పరిగెత్తకూడదట, అది ఆకాశంలో శాటిలైట్లని వెతుక్కునేదాకా ఆగాలట. నాకు ఆగడం చేతకాదు. "దొరికిందా? దొరికిందా?" అని గొణుగుతూ, వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తేదాన్ని. ఆ దారిన పోయేవాళ్ళు మేమిద్దరం ఎవరికో ఓటేస్తున్నామనుకుని ఉంటారు. ఒకరోజు ఓపిక పట్టలేక దాన్ని వెతుక్కుంటుండగానే లాక్కుపోయాను. ఇంటికొచ్చి ఫోన్‌లో దారి చూస్తే, గీత పార్కులోని చెరువు మధ్యలోంచి పోయి అవతలి గట్టున తేలింది. "నీళ్ళమీద పరిగెత్తామా! మరి బూట్లు తడవలేదే?" అన్నాడు మా మరిది. ఆ రోజునుంచి బుద్ధిగా ఆగాను.

తర్వాత వారం నుంచే అది గుర్రుమనడం మొదలైంది.

ఇద్దరి చేతులూ పక్కపక్కనే ఉంటాయి కనుక నాకు స్పష్టంగా వినబడేది. చెరువుగట్టు ఎక్కేటప్పుడు ఒకసారి. ఆసుపత్రి గోడ వెంట ఇంకోసారి. ఇంటిదారి పట్టాక ఆగకుండా. "ఏంటయ్యా అది?" అంటే, "ఏదో మెసేజ్‌లే వదినా," అన్నాడు. పొద్దున్నే, కాకులు కూడా సరిగ్గా లేవని వేళ, ఇన్ని మెసేజ్‌లు ఎవరు పెడతారు? పెట్టినవాళ్ళు ఎవరో చెప్పడు. ఫోన్ తీసి వినడు. పైగా అది గుర్రుమన్నప్పుడల్లా వాడి మొహం అదోలా అయ్యేది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆ మాత్రం నాకు తెలియదా?

ఆ సాయంత్రం మా అత్తగారి చెవిలో వేశాను. "అత్తయ్యా, మనవాడికి ఎవరో ఉన్నట్టున్నారు."

ఆవిడ కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టేసింది. "ఎవరే?"

"తెలీదు. తెల్లారకుండానే మెసేజ్‌లు. ఒకటా రెండా!"

"పిల్ల కష్టజీవి అయ్యుంటుందే. అంత పొద్దున్నే లేస్తోందంటే మామూలు విషయమా?" అని మురిసిపోయింది ఆవిడ. మర్నాడే ముందుగదిలో కర్టెన్లు ఉతికించింది. మా ఆయన నిద్రమత్తులో విషయం విని, "వాడి మానాన వాణ్ణి వదిలెయ్యండి, వాడే చెప్తాడు," అన్నాడు గానీ, డ్యూటీకి వెళ్తూ వెళ్తూ తమ్ముడి భుజం తట్టి అదోరకంగా నవ్వి మరీ వెళ్ళాడు. వాడికి ఏమీ అర్థం కాలేదు.

నేను ఊరుకోలేదు. పరిగెత్తుతూ పరిగెత్తుతూ కూపీ లాగడం మొదలుపెట్టాను. "మీ ఆఫీసులో కొత్తగా ఎవరైనా చేరారా?" "లేదే." "గొంతు బావుంటుందా?" "ఎవరి గొంతు వదినా?" "అదే, ఎవరిదైనా." ఈ ప్రశ్నలకి నాకే ఆయాసం వచ్చేది. సరిగ్గా అప్పుడే వాడికి డొక్కలో పట్టేసేది. "ఒక్క నిమిషం ఆగుదాం వదినా, నొప్పిగా ఉంది," అనేవాడు. నేను నిలబడి ఊపిరి పీల్చుకుంటూ, రాత్రి సరిగ్గా తినకపోతే ఇలాగే అవుతుందని వాడికి నాలుగు చీవాట్లు పెట్టేదాన్ని. వాడు నోరెత్తకుండా పడేవాడు.

పోటీ ఇక పది పన్నెండు రోజుల్లో ఉందనగా ఒక పొద్దున, వాడు ఫోన్‌ని ఛార్జింగ్‌లోనే మర్చిపోయాడు. సగం దారిలో నేను, "మీ ఆవిడకి ఇవాళ జవాబు రాదు పాపం," అని ఏడిపించబోయేలోపు, వాచీ గుర్రుమంది.

నాలుగడుగులు వేశాక నాకు వెలిగింది. ఫోన్ ఇంట్లో ఉంది. మెసేజ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అలాగే ఆగిపోయి, వాడి చెయ్యి గబుక్కున నావైపు తిప్పుకున్నాను. తెరమీద పెద్ద అక్షరాలు వెలుగుతున్నాయి: వేగం పెంచండి.

"ఏంటిది?" అన్నాను.

వాడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"ఏంటిది అంటున్నాను."

"అదొక అలర్టు వదినా. గంటలోపు రావాలంటే ఎంత వేగం కావాలో అంత పెట్టాను. తగ్గితే చెప్తుంది."

గట్టు ఎక్కేటప్పుడు ఒకసారి, గోడ వెంట ఇంకోసారి, ఇంటిదారిలో ఆగకుండా. నాకు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. గట్టు దగ్గర ఆయాసపడేది నేను. గోడ వెంట కబుర్లలో పడి నెమ్మదించేది నేను. ఇంటిదారిలో కాళ్ళీడ్చేది నేను. వాడి డొక్కలో నొప్పి కూడా నాకు ఊపిరి అందనప్పుడే వచ్చేది. ఇంట్లో కర్టెన్లు ఉతికించుకుని మేము ఎదురుచూస్తున్న పిల్ల ఎవరో కాదు, నా నత్తనడక.

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

"అబద్ధాలాడతావా నాతో? మెసేజ్‌లట! డొక్క నొప్పట! నేను చెవిటిదాన్నా, చేతకానిదాన్నా? వదినా, నువ్వు మెల్లగా పరిగెత్తుతున్నావు అని ఒక్క ముక్క చెప్తే నీ నోరు పడిపోతుందా?"

"చెప్తే నువ్వు ఆపేస్తావు."

"ఆపెయ్యనా మరి? జట్టు కావాలన్నది నువ్వా కాదా?"

"కావాలి. నువ్వు లేకుండా మాత్రం వద్దు," అన్నాడు. "క్లబ్బువాళ్ళు ఎవరినో ఒకరిని ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. పోతే పోయింది వదినా, జట్టేగా."

నాకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆ మాటకి నా ప్రాణం హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ గంట నాదే అని, ఎవరూ తీసుకోరని లోపల ఎక్కడో సంబరపడ్డాను. వాడు జీవితంలో నోరు తెరిచి అడిగింది ఒక్కటి, అది నా కబుర్ల కింద నలిగిపోతుంటే, నాకు సంబరం! ఆ సంగతి తెలిశాక ఇక అక్కడ నిలబడలేకపోయాను. తాడు నా చేతినుంచి విప్పుకోబోయి, విప్పితే వాడు ఇంటికెలా వస్తాడని తట్టి, మళ్ళీ కట్టుకుని ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం.

ఆ మధ్యాహ్నం ల్యాబునుంచే క్లబ్బుకి ఫోన్ చేసి, మా మరిదికి జోడీగా పరిగెత్తే మనిషిని పంపమన్నాను. సాయంత్రానికి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. అగ్నిమాపక కేంద్రంలో ఉద్యోగం, తాటిచెట్టంత మనిషి. వంగి గుమ్మంలోంచి లోపలికి వచ్చి, ఉతికిన కర్టెన్ల పక్కన కూర్చున్నాడు. మా అత్తగారు నావంక చూసి, "ఇతనేనా మెసేజ్‌లు పెట్టింది?" అంది మెల్లగా. ఆవిడకి విషయం చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మా మరిది రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. మూడో రోజు పొడుగాయనతో పరిగెత్తి వచ్చి, "వేగం బానే ఉంది. కానీ మాట్లాడడు వదినా. గోడ పక్కన పరిగెత్తినట్టుంది," అన్నాడు. నేను పొడుగాయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "ఇటు, అటు అనొద్దు. ఎత్తొస్తే గడప, ఇరుకైతే సందు. దారిలో కనబడిందల్లా చెప్పాలి. కుక్క కనబడితే కుక్క అని చాలదు, అది ఏం చేస్తోందో కూడా చెప్పాలి." ఆయన భయభక్తులతో తలూపాడు. మర్నాడు మా మరిది లోపలికి వస్తూనే పగలబడి నవ్వాడు. దారంతా పొడుగాయన, "ఎడమ. కుక్క. పడుకుంది. సందు. ఇంకో కుక్క. ఇది కూర్చుంది," అని నివేదిక ఇచ్చాడట.

పొద్దున్నే నాకు మెలకువ వచ్చేసేది. వాళ్ళిద్దరూ మెట్లు దిగుతున్న చప్పుడు విని, అటు తిరిగి పడుకునేదాన్ని. నిద్ర పట్టేది కాదు.

పోటీ రోజున మా ఆయన కూడా డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. పార్కు చుట్టూ తిరిగే దారి. మలుపు దగ్గర మా అత్తగారికి కుర్చీ వేయించాం. మొదలయ్యేచోట మా మరిది చేతికి తాడు నేనే కట్టాను. రెండో కొస పొడుగాయన చేతికి కట్టాను. ముడి బిగుతుగా ఉందా అని వేలు పెట్టి చూశాను. "వదినా, ముడి చూడటం ఇది మూడోసారి," అన్నాడు మా మరిది. "నోరు మూసుకుని పరిగెత్తు," అన్నాను.

నేను మలుపు దగ్గరికి వచ్చి నిలబడేసరికి ఈల మోగింది.

వాళ్ళు దూరంగా, చెట్ల వరస చివర కనబడ్డారు. పొడుగాయన్ని వెంటనే పోల్చుకున్నాను. పక్కనున్నది ఎవరో ఒక క్షణం నాకు తెలియలేదు. నాకు తెలిసిన మా మరిది పరుగు వేరు. నాతో వచ్చేటప్పుడు వాడు భుజాలు కుదించుకుని, నా అడుగుకి అడుగు కలపడానికి మోకాళ్ళు దగ్గర పెట్టుకుని పరిగెత్తేవాడు. అదే వాడి తీరు అనుకున్నాను. ఇప్పుడు వస్తున్నవాడి అడుగు నా అడుగుకి రెండింతలుంది. తల ఎత్తి ఉంది. భుజాలు వదులుగా ఊగుతున్నాయి. కాలు నేలమీద ఇలా ఆని అలా లేచిపోతోంది. మొహంలో ఆయాసం లేదు, వెలుగు ఉంది. ఇన్నాళ్ళూ చేతికి చెయ్యి కట్టుకుని వాడి పక్కనే ఉన్నాను. పక్కనే ఉన్నందువల్ల, వాడు పరిగెత్తడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"ఏమే, బాగానే వస్తున్నాడుగా, ఏడుస్తావేం?" అంది మా అత్తగారు. చూస్తే ఆవిడ కళ్ళూ అలాగే ఉన్నాయి. మా ఆయన మాత్రం ఏదో దుమ్ము పడిందని కళ్ళు నులుముకున్నాడు.

గంట నిండకముందే వచ్చేశాడు. మైకులో జట్టుకి ఎంపికైన వాళ్ళలో వాడి పేరు వినబడగానే, మా ఆయన ప్రెస్సు సిరా అంటిన చేతులతోనే పొడుగాయన్ని కావలించుకున్నాడు. ఆయన చొక్కా పాడైంది. పాపం, ఆయన "చొక్కా. నలుపు అయ్యింది," అని మా మరిదికి చెప్పాడు.

జనం కాస్త పలచబడ్డాక మా మరిది గడ్డిమీద చతికిలబడి, "వదినా," అని పిలిచాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. వాడి ఒళ్ళంతా చెమట. చెయ్యి చాపి నా భుజం వెతికి పట్టుకున్నాడు.

"చూశావా?"

"చూశాను."

"ఎలా ఉన్నాను?"

నేను ఏదో వేళాకోళం ఆడబోయాను.

"నాకు తెలీదుగా వదినా," అన్నాడు. "నేనెప్పుడూ చూడలేదు. నేను పరిగెత్తితే ఎలా ఉంటుంది?"

కళ్ళు తుడుచుకుని, చెట్ల వరస చివర కనబడిన దగ్గరనుంచి మొదలుపెట్టాను. తల, భుజాలు, అడుగు, అన్నీ ఒకదానిమీద ఒకటి గబగబా వచ్చేస్తున్నాయి నా నోట్లోంచి.

వాడు నా భుజం నొక్కాడు.

"మెల్లగా చెప్పు వదినా. నాకు అంతా కావాలి."